గోదావరి శిస్తు, మూసీతీరపు గోడ

ధవళేశ్వరమను పేరు వినినంతనే ఆంధ్రులకు ఆనకట్టయు, దానిని గట్టించిన కాటన్ దొరయు స్మరణకు వచ్చుట సహజము. అయితే ఆ ఆనకట్టకు పూర్వము ఒక శతాబ్దకాలము, గోదావరి ఉభయతీరములందలి పల్లెలు పండించిన పంట ఎవరి బొక్కసమును చేరవలెనో, ఎవరి సిపాయిలకు జీతమై పోవలెనో నిర్ణయించిన మాటలు పెక్కు ధవళేశ్వరమునగాని రాజమహేంద్రవరపు కోటలోగాని పుట్టినవి కావు. నిజాము కొలువునాశ్రయించి, మూసీనది యొడ్డున తోటలలో విడిసిన పరదేశపు రాయబారుల మేడలలో పుట్టినవి. కల్లోలితమైన రాజ్యము నడుమ పరరాజ్యదూత తనకొక మహాగృహమును నిర్మించుకొనుటయు, పిదప దానిని గోడలతో బురుజులతో దుర్గముగా మార్చుకొనుటయు నేటి కాలపు వింత కాదు. ఆ కథ మన తెలుగునేలపై రెండువందల యేండ్లకు పూర్వమే ఆరంభమైనది. అందుకైన వ్యయములో గోదావరి మండలపు పాలు స్వల్పము కాదు.

1753వ సంవత్సరమున నిజాము సలాబత్‌జంగు తన కొలువుననున్న ఫ్రెంచి సేనాని బుస్సీకి, అతని పటాలముల జీతబత్తెముల నిమిత్తము, ముస్తఫానగరము, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను నాలుగు సర్కారులను ధారాదత్తము చేసెను. బుస్సీ పేరునకు నిజాము సేవకుడు. పనికి పుదుచ్చేరి దూత. కొలువులో అతని పలుకుబడిని సహింపజాలని దివాను షానవాజుఖాను 1756లో అతనిని ఉద్యోగమునుండి తొలగింపజేయగా, బుస్సీ స్వదేశీయులున్న రేవునకు మరలిపోవుటకు మారుగా తిన్నగా హైదరాబాదునకు నడచి, కుతుబ్‌షాహీలనాటి చార్‌మహల్ అను ఉద్యానప్రాసాదమున ప్రవేశించి, తుపాకులు నిలిపి, నిజాము సైన్యములు చుట్టుముట్టినను చలింపక కూర్చుండెను. మచిలీపట్టణమునుండి లా అను సేనాని సహాయసైన్యముతో దారిపొడుగునను పోరాడుచు ఆగస్టునెలలో వచ్చి చేరువరకును ఆ విహారగృహమే ఫ్రెంచివారి కోటయై నిలిచినది. ముట్టడి తొలగినది; నిజాము మరల స్నేహహస్తమును చాపెను. బుస్సీ మాత్రము ఆ చెలిమిని నమ్మి ఊరకుండక, తన జీతమునకు మూలమైన సర్కారులను గట్టిచేసికొనుటకై బయలుదేరెను. 1757 జనవరిలో బొబ్బిలి కూలినది ఆ దండయాత్రయందే. గోదావరి ముఖద్వారములందలి ఇంజరము, బండమూర్లంక, మాధవాయపాలెము అను ఇంగ్లీషువారి వర్తకస్థానములు ఆ యేడే అతని చేజిక్కినవి. చార్‌మహలునందు కాల్చిన మందుగుండునకు మూల్యమును గోదావరి రైతు ఏ రీతిని చెల్లించెనో గ్రహించుటకు ఇంతకన్న నిదర్శనము వలదు.

1758 డిసెంబరున చందుర్తివద్ద విజయనగరపు ఆనందగజపతి తోడ్పాటుతో ఇంగ్లీషు సేనాని ఫోర్డు ఫ్రెంచివారిని ఓడించి రాజమహేంద్రవరమును పట్టుకొనుటతో యజమానులు మారిరి; మార్గము మారలేదు. 1766 నవంబరు 12వ తేదీ సంధినిబట్టి ఇంగ్లీషు ఈస్టిండియా కుంపిణీవారు రాజమహేంద్రవరము, ఏలూరు, ముస్తఫానగరము సర్కారులకు ఏటేట ఐదు లక్షల రూపాయలు నిజామునకు పేష్కషుగా చెల్లింప నొప్పుకొనిరి. ఒప్పుకొనుట వేరు, చెల్లించుట వేరు. బాకీలు పెరిగినవి. 1779లో మద్రాసు ప్రభుత్వము హాలండ్ దొరను నిజాము కొలువునకు తొలి రెసిడెంటుగా పంపినప్పుడు అతనికి అప్పగించిన పనులలో ఒకటి, ఈ పేష్కషును మాఫీ చేయుమని నిజామును అడుగుట! ఇచ్చెదమన్న సొమ్మును ఇయ్యకుండుటకు అనుమతి కోరవచ్చిన రాయబారిని చూచి అప్పటి నిజాము నిజామలీఖాను మండిపడెననుటలో ఆశ్చర్యమేమున్నది? హైదరాబాదున ఇంగ్లీషు దూతత్వమునకు పడిన తొలి ముడి గోదావరి శిస్తుతోనే పడినది.

ఇక గృహనిర్మాణకథ. 1798లో రెసిడెంటైన జేమ్స్ అఖిలీస్ కిర్క్‌పాట్రిక్ మద్రాసున పుట్టినవాడు. పారసీకము చక్కగ నేర్చినవాడు. మొగలాయి వేషభాషల నభిమానించి, ఖైరున్నీసాబేగమును పెండ్లాడి, నిజామువలన హష్మత్‌జంగ్ బిరుదమును పొందినవాడు. మూసీ ఉత్తరతీరమున తానున్న పాతతోటకు చేర్చి మరికొంత నేలను సంపాదించి కొత్త మందిరమును గట్టవలెనని సంకల్పించి, ఆ స్థలపు పటమును పెద్ద కాగితముపై వ్రాయించి నిజామునకు సమర్పించెను. నిజాము దానిని శ్రద్ధగా పరిశీలించి, ఇయ్యజాలనని తల త్రిప్పెను. చిన్నబోయిన రెసిడెంటునకు కొలువులోని మంత్రి యొకడు నవ్వుచు మర్మము తెలిపెనట: ప్రభువు చూచిన రాజ్యపటము లన్నియు దాదాపు ఆ కాగితమంతటివే; అంతటి పటమును ముందు పరచిన, రాజ్యమునే అడుగుచున్నారని శంకింపడా? కిర్క్‌పాట్రిక్ అదే స్థలమును చిన్న అట్టముక్కపై గీయించి మరల చూపెను. నిజాము సంతోషముతో అనుగ్రహించెను. మాల్కం దొర వ్రాసిన ఈ ముచ్చటను చదివి ఆంగ్లేయులు నిజాము అమాయకతకు నవ్వుకొనియుందురు. కాని మొదట కలిగిన శంకయే సత్యమునకు సమీపముగనుండెనని పిదపటి చరిత్ర చెప్పుచున్నది.

1803లో పునాది పడినది. నమూనా వ్రాసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళమునకు చెందిన లెఫ్టినెంటు శామ్యూల్ రస్సెల్. ఆరు మహోన్నతమైన కొరింథియన్ స్తంభములు మోయు ముఖమండపము, ఆ నెత్తిపై త్రికోణాకృతి గల గోడయందు కుంపిణీ రాజచిహ్నము, విశాలమైన సోపానపంక్తికి ఇరువైపుల సింహములు, లోపల రెండంతస్తుల యెత్తు గల దర్బారుశాల, దాని కిరుప్రక్కల అండాకారపు గదులు, వెనుక బేగము నివాసమునకై రంగమహలు: ఇట్లు పాశ్చాత్యశిల్పమును దక్కను జనానాసంప్రదాయమును ఒకే ఆవరణలో ఇమిడినవి. ఖర్చు నిజాముదేయని ప్రసిద్ధి. గృహము పూర్తికాకమునుపే, 1805 అక్టోబరులో, కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించెను.

ఆ మందిరమునకు ఆనాడు కోటగోడలు లేవు. దీనిని ప్రభువునకును దూతకును గల మైత్రికి గుర్తుగా వర్ణించుట రచయితలకు పరిపాటి. కిర్క్‌పాట్రిక్ హృదయమున మైత్రి లేదని నేననను. కాని గోడ కనబడనంత మాత్రమున గోడ లేదని తలచుట పొరపాటు. 1798 సంధితో రేమండు నెలకొల్పిన ఫ్రెంచి పటాలములు రద్దైనవి. వాని స్థానమున కుంపిణీ సైన్యములు వచ్చి హుసేనుసాగరమున కావల, తరువాత సికింద్రాబాదను పేరుగాంచిన తావున, దండు విడిసినవి. ఆ సైన్యపు ఖర్చునకై 1800లో నిజాము బళ్ళారి, కడప ప్రాంతములను కుంపిణీకి దత్తము చేసెను. ఫ్రెంచిదూత గోడకు గోదావరి సీమ వెల చెల్లింపగా, ఇంగ్లీషుదూతకు గోడతో పనిలేకుండ చేయుటకు దత్తమండలము వెల చెల్లించినది.

ఆ మేడ నీడనే విలియం పామర్ అండ్ కంపెనీ అను వడ్డీవ్యాపారసంస్థ మొలచి, రెసిడెంటు హెన్రీ రస్సెల్ కాలమున నిజాము ప్రభుత్వమును అధికవడ్డీల అప్పులలో ముంచెను. తరువాతి రెసిడెంటు మెట్కాఫ్ ఆ గుట్టును బయటపెట్టి, తెంపు చేయవలెనని పట్టుపట్టెను. అప్పు తీర్చుటెట్లు? 1823లో కుంపిణీవారు ఉత్తరసర్కారుల పేష్కషును శాశ్వతముగా లెక్కగట్టి, ఒకేసారి మొత్తమిచ్చి, దానితో పామర్ బాకీని తీర్పించిరి. రాజమహేంద్రవరముపై నిజామునకు మిగిలిన కడపటి హక్కు ఇట్లు రెసిడెన్సీ పొరుగున పుట్టిన ఋణములో కరగిపోయినది. గోదావరికి సంబంధించిన ఇంత పెద్ద క్రయము జరిగినదని ధవళేశ్వరమున దున్నుకొనువానికి తెలిసియుండదు.

సిపాయిల తిరుగుబాటు సాగుచున్న 1857 జూలై 17, శుక్రవారము. బుల్దానానుండి పారివచ్చిన జమాదారు చీదాఖాను పట్టువడి రెసిడెన్సీలో బందీయైయుండెను. అతనిని విడిపింపవలెనని, మధ్యాహ్నపు నమాజు ముగిసిన వెనుక, తుర్రెబాజుఖాను, మౌల్వీ అల్లావుద్దీను నాయకులుగా సుమారు ఐదువందలమంది రోహిల్లాలు నగరమునుండి కదలి, సాయంకాలమునకు రెసిడెన్సీ పడమటి దిక్కున పుత్లీబౌలీకడ ఇద్దరు సాహుకారుల మేడలను ఆక్రమించి, తోట ద్వారమును భగ్నముచేసి, ఆ మేడలమీదినుండి కాల్పులు సాగించిరి. దివాను సాలార్‌జంగు ముందుగానే వర్తమానమంపి యుండుటచే రెసిడెంటు డేవిడ్‌సన్ ఫిరంగులను సిద్ధముచేసియుండెను. రాత్రియెల్ల గుండ్లు కురిసినవి. తెల్లవారకమునుపే దాడిచేసినవారు చెదరిపోయిరి. మౌల్వీ అండమానులకు పంపబడెను. చెరనుండి తప్పించుకొన్న తుర్రెబాజుఖాను 1859లో తూప్రానువద్ద కాల్చబడగా, అతని కళేబరమును నగరమున వ్రేలాడదీసిరి. నేడు ఆ కోఠీ ప్రాంతముననే అతని పేర వీధియు, స్మారకస్తంభమును కలవు.

బురుజులతోడి ప్రాకారము వచ్చినది ఆ పిమ్మటనే. గమనింపదగిన సంగతి యొకటి: ఆ రాత్రి రెసిడెన్సీని కాచినది గోడ కాదు, సాలార్‌జంగు పంపిన వార్త. కొలువులో ఒక్క మిత్రుడున్నంతవరకు గోడలేని గృహము నిలిచినది. అట్టి మిత్రుడు లేనిచోట గోడలెంతటి పనికి వచ్చినవి? 1879 సెప్టెంబరులో కాబూలునందు బాలాహిస్సారు దుర్గములోపలనే విడిసియున్న ఇంగ్లీషు రాయబారి కవగ్నారి తన పరివారముతోకూడ హతుడయ్యెను. మన కాలమున టైగ్రిసు తీరమున, బాగ్దాదులో, అమెరికావారు 104 ఎకరములలో సుమారు 75 కోట్ల డాలర్ల వ్యయముతో నిర్మించుకొని 2009 జనవరిలో ప్రారంభించిన రాయబారకార్యాలయము సొంత విద్యుత్తు, సొంత నీరుగల చిన్న నగరమే. లోపలివారు బయటి వీధిలోనికి పోవుటయే సాహసమైనప్పుడు, ఆ దేశపు మనస్సును తెలిసికొనుట అను దూతకార్యము ఎట్లు నెరవేరును?

రెసిడెన్సీకి పునాదిపడిన 1803లోనే ఆర్థర్ కాటన్ జన్మించెను. రస్సెలువలె అతడును మద్రాసు ఇంజనీర్ల దళమువాడే. ఆ దళపు విద్యయే మూసీ యొడ్డున ఏలికల వైభవమునకు కొరింథియన్ స్తంభముల నెత్తినది. ఆ విద్యయే 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరపు కొండరాతిని పగులగొట్టించి, ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము శాఖలకు అడ్డముగా ఆనకట్టను పరపినది. ఇదియు శిస్తు పెరుగునను లెక్కతోనే మంజూరైన పనియని మరువరాదు. అయినను ఇందలి ఫలములో పొలము దున్నువానికిని పాలు దక్కినది. శతాబ్దకాలము శిస్తును పైకి పంపిన నేలకు అంతవరకు తిరిగివచ్చిన దేమున్నది?

దేశము స్వతంత్రమైన వెనుక రెసిడెంట్లు వెడలిపోయిరి, 1949లో ఆ మందిరమున స్త్రీల కళాశాల నెలకొన్నది, నేడది మహిళావిశ్వవిద్యాలయము. శిల్పమును మెచ్చుకొనుటకు, కిర్క్‌పాట్రిక్ ప్రణయమును తలచుకొనుటకు యాత్రికులు పోవుచున్నారు, పోవలసినదే. కాని గోదావరి మండలచరిత్ర వ్రాయువారు దానిని పరాయి నగరపు వింతగా విడిచిపెట్టరాదు. దూతగృహముల నిజచరిత్ర శిల్పగ్రంథములలోకన్న జమాబందీ లెక్కలలో స్పష్టముగా కనబడును. ఆ లెక్కలలో రాజమహేంద్రవరము సర్కారు పద్దు మొదటి పుటలోనే యున్నది.