ఎంజైమ్ చర్య యూనిట్లు

జీర్ణ ఎంజైమ్ మందుల లేబుళ్లపై వాటి పనిచేసే శక్తిని తెలిపే కొలతలు. మిల్లీగ్రాములు పొడి బరువునే చెబుతాయి. వేడికి, తేమకు ఎంజైమ్ చచ్చుబడినా బరువు తగ్గదు. అందుకే నిర్ణీత ఉష్ణోగ్రత, ఆమ్లత, సమయాల్లో అది ఎంత పదార్థాన్ని విడగొట్టిందో కొలుస్తారు.

అమెరికా సప్లిమెంట్లు ఎక్కువగా ఫుడ్ కెమికల్స్ కోడెక్స్ అనే ప్రమాణ గ్రంథంలోని పద్ధతులను అనుసరిస్తాయి: అమైలేజ్‌కు డీయూ, ప్రోటియేజ్‌కు హెచ్‌యూటీ, లాక్టేజ్‌కు ఏఎల్‌యూ. ఒక పద్ధతి అంకెను మరో పద్ధతి అంకెతో నేరుగా పోల్చకూడదు. క్లోమ ఎంజైమ్‌ల మిశ్రమమైన పాంక్రియాటిన్‌నే చూడండి: ఒక యూరోపియన్ ఫార్మకోపియా ప్రోటియేజ్ యూనిట్ 62.5 యూఎస్‌పీ (అమెరికా ఫార్మకోపియా) యూనిట్లకు సమానం, అమైలేజ్‌లో అది 4.15, లైపేజ్‌లో మాత్రం రెండూ ఒకటే. కాబట్టి పెద్ద అంకె ఉన్నంత మాత్రాన బలమైన మందు కాదు. కొన్నిసార్లు అది కొలబద్ద మార్చిన గడుసుతనం.

మన మందుల దుకాణాల్లో దొరికే సిరప్‌లపై పాత నిష్పత్తి పద్ధతి ఇంకా కనిపిస్తుంది. ఫంగల్ డయాస్టేజ్ 1:1200 అంటే తన బరువుకు 1,200 రెట్ల పిండిపదార్థాన్ని జీర్ణం చేయగలదని. పెప్సిన్ 1:3000 అంటే 3,000 రెట్ల గడ్డకట్టిన గుడ్డు తెల్లసొనను. ఇవన్నీ ప్రయోగశాల లెక్కలు, కడుపులో అంతే పని జరుగుతుందని కాదు.

క్లోమ ఎంజైమ్‌ల లోపానికి వైద్యులు మోతాదును లైపేజ్ యూనిట్లలోనే నిర్ణయిస్తారు. అందుకు వాడే క్యాప్సూళ్ల పేరు పక్కన ఉండే 10,000, 25,000 అవే.