కవచ్ నాలుగవ కూర్పు

సికింద్రాబాదునుండి బొలారము, మేడ్చలు, నిజామాబాదుల మీదుగా మన్మాడు వఱకు సాగు రైలుమార్గము నిజాము కాలమున హైదరాబాదు–గోదావరీలోయ రైల్వేగా ప్రభవించి, చిరకాలము మీటరుగేజి బండ్లను మోసి, పిదప బ్రాడ్‌గేజిగా పరిణమించినది. ఆ మార్గమునందలి కూడలి మల్కాజ్‌గిరి. ఇచట పట్టాలును ఇంజన్లును మాఱినట్లే, ఒకే దారిని రెండు బండ్లు ఎదురుపడకుండ కాచు నియమమును ప్రతి తరమువారు మఱల తిరుగవ్రాయుచునే వచ్చిరి.

ఒంటిలైను మార్గములపై ఆ రక్షణ చిరకాలము ఒక లోహగోళమునందుండెను. రెండు స్టేషన్ల నడుమ తీగలతో ముడివడిన టోకెను యంత్రములనుండి ఒకమాఱు ఒక్క గోళమే వెలికివచ్చును. తోలుసంచిలోనుంచి, పొడవైన వలయమునకు తగిలించి దానిని డ్రైవరున కందించినగాని బండి ముందునకు కదలరాదు. అవతలి స్టేషనులో అది యంత్రమునకు తిరిగి చేరువఱకు రెండవ గోళము ఎవ్వరికిని లభింపదు. ఇంత దృఢమైన ఏర్పాటు సైతము, అలసటవలననో పొగమంచువలననో ఎఱ్ఱదీపమును గమనింపక దాటిపోవు డ్రైవరును నిలుపజాలదు.

ఆ లోటును పూరించుటకే రైల్వేల పరిశోధనసంస్థయైన ఆర్‌డీఎస్‌ఓ పరిశ్రమల సహకారముతో కవచ్ అను స్వయంచాలక రక్షణవ్యవస్థను రూపొందించినది. ప్రయాణికుల బండ్లపై దాని క్షేత్రపరీక్షలు 2016 ఫిబ్రవరిలో ఆరంభమైనవి. 2020 జూలైలో అది జాతీయవ్యవస్థగా అంగీకృతమైనది. స్లీపర్ల నడుమ అమర్చిన ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు బండి యే పట్టాపై ఎచటనున్నదో తెలుపగా, స్టేషను టవరునుండి రేడియోద్వారా వచ్చు సిగ్నలు సమాచారము డ్రైవరు ఎదుటి తెరపై కనిపించును. అతడు సకాలమున బ్రేకు వేయనిచో యంత్రమే వేయును. మల్కాజ్‌గిరి మీదుగా పోవు మన్మాడు–డోను మార్గముతో సహా, 2024 నాటికి దక్షిణమధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్ల మేర ఇది నెలకొన్నది.

అనుభవము లోపములను కూడ బయటపెట్టును. 2024 జూలై 16న ఆమోదము పొందిన కవచ్ 4.0 కూర్పు, బండి ఉనికిని మఱింత నిర్దుష్టముగ గుర్తించుటకును, పెద్ద యార్డులలో సిగ్నలు సమాచారమును స్పష్టముగ నందించుటకును, స్టేషన్లను ఆప్టికల్ ఫైబరుతో నేరుగా కలుపుటకును ఉద్దేశింపబడినది. పట్టాలు పక్కపక్కన చీలు కూడలిలో ఆగవలసిన బండిని ఆపుట యెంత ముఖ్యమో, సాగవలసినదానిని ఆపకుండుటయు అంత ముఖ్యము.

కూర్పు మార్చుట కొత్తదానిని నెలకొల్పుటకంటె సుకరము కాదు. బండ్లు నడచుచుండగనే స్టేషనులోని పరికరమును ఇంజనులోని పరికరమును సవరించి, అవి పరస్పరము అర్థము చేసికొనునట్లు పరీక్షింపవలెను. సిబ్బందికి మఱల శిక్షణ నీయవలెను. 1957లో సికింద్రాబాదున స్థాపితమైన సిగ్నలింగు శిక్షణాలయము, ఇరిసెట్, నేడు కవచ్ విద్యకును కేంద్రమైనది. కొత్తమార్గమును తెఱచినవారికి ఉత్సవములు చేయు మనము, పాతరక్షణలోని లోపము నొప్పుకొని దానిని ఓపికతో దిద్దువారిని సైతము అంతటి గౌరవముతోనే స్మరింపవలెను. వారి పని సఫలమైన నాడు పత్రికలకెక్కదగిన వార్త యేదియు పుట్టదు.