తన స్థితిని తానే తెలుపు పరికరము

గోడ గడియారము ఆగిపోయినచో ఇంటిలో ఎవరో ఒకరు వెంటనే గమనింతురు. ఆ గడియారమే దినమునకు రెండు నిమిషముల చొప్పున వెనుకబడుచున్నచో, ఒకనాడు ఎవరికో రైలు తప్పువరకు ఆ సంగతి బయటపడదు. ఆగిన గడియారము తన లోపమును తానే చాటుకొనును. వెనుకబడిన గడియారము సరియైన గడియారము వలెనే టిక్కుటిక్కుమనుచు తప్పు కాలమును చూపుచుండును. రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదకరమో వేరుగా చెప్పనక్కరలేదు.

చమురు శుద్ధి కర్మాగారములలోను, ఎరువుల కర్మాగారములలోను, విద్యుత్కేంద్రములలోను ఇట్టి గడియారముల వంటి పరికరములు వందలు, వేలుగా ఉండును. ఒకటి ఆవిరి పీడనమును కొలుచును. ఒకటి తొట్టిలోని ద్రవమట్టమును, మరియొకటి గొట్టములోని ప్రవాహమును కొలుచును. మరికొన్ని కవాటములను, అనగా వాల్వులను, తెరచుచు మూయుచు ఉండును. నియంత్రణ గదిలో కూర్చున్నవానికి కర్మాగారము కనబడదు. ఈ పరికరములు తెలుపు అంకెలే కనబడును. వానిని నమ్మియే అతడు మంటను పెంచును, మోటారును ఆపును. పరికరము కర్మాగారమును కొలుచుచున్నది. మరి పరికరమును కనిపెట్టి చూచువారెవరు? కర్మాగారముల మరమ్మతు చరిత్రలో ఈ ప్రశ్నకు సమాధానము నెమ్మదిగా, తప్పటడుగులతో వచ్చినది.

మొదటి సమాధానము మిక్కిలి చిన్నది. ఇరువదవ శతాబ్దపు నడిమి భాగములో పరికరముల వార్తలు హెచ్చుగా గాలి ద్వారా నడిచెడివి. సన్నని గొట్టములో గాలి పీడనము చదరపు అంగుళమునకు 3 పౌనులున్నచో తొట్టి ఖాళీ అనియు, 15 పౌనులున్నచో నిండు అనియు అర్థము. ఖాళీ తొట్టికి సున్న పెట్టక 3 ఏల పెట్టిరి అని విద్యార్థులకు సందేహము కలుగవచ్చును. గొట్టము పగిలి గాలి పోయినచో పీడనము సున్న అగును. ఖాళీ తొట్టికి గుర్తు కూడ సున్నయే అయినచో, తొట్టి ఖాళీ అయినదో గొట్టము పగిలినదో తెలియు మార్గము లేదు. 3తో మొదలుపెట్టినచో సున్నకు ఒకే అర్థము మిగులును: పరికరము చెడినది, లేదా దారి తెగినది. తరువాత గాలి స్థానమున విద్యుత్తు వచ్చినపుడు ఇదే నియమమును పాటించి 4 మొదలు 20 మిల్లీ ఆంపియర్ల వరకు గల ప్రవాహమును ఎన్నుకొనిరి. 3కు 15 ఎట్లో 4కు 20 అట్లే, ఐదు రెట్లు. ఈ ప్రవాహమును 250 ఓముల నిరోధము గుండ పంపినచో 1 మొదలు 5 వోల్టుల వరకు వచ్చును. ఓమ్ నియమమును బోధించు ఉపాధ్యాయులకు ఇది మంచి లెక్క. పైగా ఆ 4 మిల్లీ ఆంపియర్ల పుణ్యమున పరికరము తన పనికి కావలసిన శక్తిని గూడ అదే రెండు తీగల నుండి తీసికొనగలుగును. నేటికిని కర్మాగారములలో ఈ పద్ధతి విరివిగా వాడుకలోనున్నది. ఇట్లు సున్న కాని సున్నను ఇంజనీర్లు ‘ప్రాణమున్న సున్న’ అందురు.

కాని దీని వలన పరికరము చచ్చినదని మాత్రమే తెలియును. జబ్బుపడినదని తెలియదు.

జబ్బుల విషయమున చాలకాలము పంచాంగమే వైద్యుడు. ఇన్ని నెలలకొకసారి యంత్రమును విప్పుట, తుడుచుట, భాగములు మార్చుట, మరల బిగించుట. పాడు కాకముందే మార్చుట మేలని ఎవరికైనను తోచును. ఈ నమ్మకమునకు గట్టి దెబ్బ ఒక ఊహింపని చోటి నుండి తగిలినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బ్రిటిషు వైమానిక దళములోని తీర విభాగము, జర్మను జలాంతర్గాములను వేటాడు తన విమానములను 50 గంటల ప్రయాణమునకు ఒకసారి విప్పి పరీక్షించుచుండెను. ఆ విభాగమునకు సలహాలు చెప్పుటకు శాస్త్రజ్ఞుల బృందమొకటి ఉండెను. పరీక్ష జరిగిన తరువాత ఎన్నవ గంటలో ఎన్ని లోపములు బయటపడుచున్నవో వారు లెక్కవేసిరి. పరీక్ష జరిగిన వెంటనే లోపములు తగ్గవలసినది పోయి పెరుగుచున్నవి! గంటలు గడచిన కొలది తగ్గుచున్నవి. బాగుగానున్న దానిని విప్పి బిగించుటలోనే కొత్త లోపములు పుట్టుచున్నవన్నమాట. ఆ బృందములో పనిచేసిన వాడింగ్‌టన్ ఈ సంగతిని 1973లో వెలువడిన తన గ్రంథములో వివరించెను. ఆయన యంత్రములు చదివినవాడు కాడు. పిండశాస్త్రములో పేరుపొందిన జీవశాస్త్రజ్ఞుడు. అవసరము లేనిదే శరీరమును కోయరాదను మాట ఆయనకు కొత్త కాకపోవచ్చును.

1978లో అమెరికాలోని యునైటెడ్ విమాన సంస్థకు చెందిన నౌలన్, హీప్ అను ఇద్దరు ఆ దేశపు రక్షణశాఖ కొరకు ఒక నివేదిక వ్రాసిరి. వారు పరిశీలించిన విమాన భాగములలో వయసు మీరిన కొలది పాడగు స్వభావము గలవి నూటికి 11 మాత్రమే. మిగిలిన 89 భాగములకు ఇన్ని గంటలకు మార్చవలెనని గడువు పెట్టుట వలన ప్రయోజనము లేదు. కనుక పంచాంగమును కాక స్థితిని చూచి మరమ్మతు చేయవలెనని తేలినది. సరే, స్థితిని చూచుట ఎట్లు?

మరుసటి సంవత్సరమే ఈ ప్రశ్న భయంకర రూపమున ఎదురైనది. 1979 మార్చి 28న తెల్లవారుజామున 4 గంటలకు, అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్కేంద్రపు రెండవ యూనిట్‌లో నీటి పంపులు ఆగిపోయినవి. రియాక్టరులో పీడనము పెరిగినది. దానిని తగ్గించుటకు ఒక కవాటము తనంతట తాను తెరచుకొన్నది, అంతవరకు సక్రమమే. పీడనము తగ్గిన పిదప అది మూసికొనవలెను. మూసికొనుటకు తగిన విద్యుత్సంకేతము వెళ్లినది. కవాటము మాత్రము తెరచుకొనియే బిగుసుకొని పోయినది. నియంత్రణ గదిలో ఆ కవాటమునకు ఒక దీపమున్నది. అది ఆరిపోయినది. దీపము ఆరినది గనుక కవాటము మూసికొన్నదని పనివారు తలచిరి. నిజమునకు ఆ దీపమునకు కవాటముతో సంబంధము లేదు. కవాటమునకు పంపిన విద్యుత్తుతో మాత్రమే సంబంధము. ఆజ్ఞ వెళ్లినదని దీపము చెప్పినది. ఆజ్ఞ నెరవేరినదని వారు అర్థము చేసికొనిరి. కవాటము దాటిన తరువాతి గొట్టముపై ఒక ఉష్ణమాపకము హెచ్చు వేడిని చూపుచునే ఉండెను. కాని ఆ కవాటము అంతకు ముందు నుండియే కొద్దిగా కారుచుండుటచే, అక్కడ వేడి మామూలే యని సరిపెట్టుకొనిరి. రెండు గంటల ఇరువది నిమిషములు గడచిన పిదప గాని వేరొక కవాటముతో ఆ దారిని మూయలేదు. నీరు తగ్గి బయటపడిన రియాక్టరు గర్భములో సుమారు సగము ఆ ఉదయము కరిగిపోయినది.

పంపిన ఆజ్ఞను కాక జరిగిన పనిని చెప్పవలెనన్నచో పరికరములోనే కొంత తెలివి ఉండవలెను. ఆ తెలివికి కావలసిన సాధనము అప్పటికే పుట్టినది. 1971లో ఇంటెల్ సంస్థ గోరంత సిలికాను పలుకుపై లెక్కలు చేయు యంత్రమును, అనగా మైక్రోప్రాసెసరును, అంగడికి తెచ్చెను. 1983లో హనీవెల్ సంస్థ మైక్రోప్రాసెసరు గల పీడన మాపకమును విడుదల చేసెను. అది వేడి వలన తన కొలతలో కలుగు తప్పును తానే సవరించుకొనును; అడిగినచో తన సంగతులు చెప్పును.

అయితే కర్మాగారములలో అప్పటికే వేలకొలది తీగలు పరచియున్నవి. వానిని పెరికి కొత్తవి వేయుటకు ఎవరును సిద్ధముగా లేరు. ఉన్న తీగలపైననే, 4 నుండి 20 మిల్లీ ఆంపియర్ల పాత పద్ధతి చెడకుండ, పరికరముతో మాటాడుట ఎట్లు? 1980–90 దశాబ్దపు నడుమ రోజ్‌మౌంట్ సంస్థ రూపొందించిన హార్ట్ పద్ధతి దీనికి జవాబు. తంబురా శ్రుతి ఎడతెగక మ్రోగుచుండగా దానిపై పాట సాగును గదా. శ్రుతి చెడదు, పాట ఆగదు. అట్లే నిలకడగా నడచు ప్రవాహముపై అర మిల్లీ ఆంపియరు మేర పైకి, క్రిందికి ఊగు చిన్న అలను ఎక్కింతురు. సెకనుకు 1200 ఊపులున్న అల ‘ఒకటి’కి గుర్తు, 2200 ఊపులున్నది ‘సున్న’కు గుర్తు. ఈ రెండు స్వరములతో ఏ సందేశమునైనను పంపవచ్చును. ఇది టెలిఫోను తీగలపై కంప్యూటర్లు మాటాడు పద్ధతి నుండి ఎరువు తెచ్చుకొన్నది. అల పైకి ఎంత ఊగునో క్రిందికి అంతయే ఊగును గనుక సగటున దాని విలువ సున్న. కొలతకు భంగము లేదు. సెకనుకు 1200 అక్షరములు కూడ కావు, 1200 సున్నలు, ఒకట్లు మాత్రమే. నేటి మొబైలు ఫోనుతో పోల్చినచో ఇది నత్తనడక. కాని పరికరము చెప్పవలసిన సంగతులకు ఆ వేగము చాలును. రోజ్‌మౌంట్ ఈ పద్ధతిని తనకే అట్టిపెట్టుకొనక ఇతరులకును విడిచిపెట్టినది. 1993లో దాని బాధ్యత ఒక ప్రత్యేక సంఘమునకు అప్పగింపబడినది. పాటయే తప్ప శ్రుతి లేని పద్ధతులు, అనగా కేవలము అంకెల భాషలో నడచు ప్రొఫీబస్, ఫౌండేషన్ ఫీల్డ్‌బస్ వంటివి, అదే కాలమున వచ్చినవి.

తెలివిగల పరికరము ఎట్టి జబ్బులను కనిపెట్టునో రెండు ఉదాహరణములు చాలును. పీడన మాపకమును పెద్ద గొట్టమునకు ఒక సన్నని గొట్టముతో కలుపుదురు. ఆ సన్నని గొట్టము మడ్డితో పూడిపోయినచో, లోపల చిక్కుకొన్న పీడనము అట్లే నిలిచియుండును. మాపకము కదలక మెదలక ఒకే అంకె చూపును. చూచువారికి అంతయు నెమ్మదిగా ఉన్నట్లు తోచును! కాని పారెడు ద్రవములో పీడనము ఎన్నడును పూర్తిగా నిలకడగా ఉండదు. మోటారు కదలికకు, గొట్టపు వంపులకు అది సన్నగా కంపించుచునే ఉండును. మాపకము సెకనుకు అనేక పర్యాయములు కొలిచి ఈ కంపనమును గుర్తుపెట్టుకొనును. కంపనము అణగిపోయినచో నాడి అందుట లేదని గ్రహించి హెచ్చరించును. కవాటముల సంగతి ఇంకను రుచికరము. కవాటమును ఇంత మేర తెరచుటకు ఎంత గాలి పీడనము కావలసివచ్చినదో దానిపై అమర్చిన పరికరము నమోదు చేయును. తెరచునపుడు ఒక గీత, మూయునపుడు మరియొక గీత వచ్చును. ఆ రెండు గీతల మధ్య ఎడము ఎంత పెరిగిన అంత రాపిడి పెరిగినదని అర్థము. కొత్తగా అమర్చిననాటి గీతలను దాచియుంచి నేటి గీతలతో పోల్చినచో కవాటము ఎంత బిగిసినదో, ఎచ్చట పట్టుచున్నదో తెలియును. అంతకు ముందు ఏడాదికొకసారి కర్మాగారమును ఆపినపుడు కవాటములను వరుసగా ఊడదీసి కార్ఖానాకు మోయుచుండిరి. విప్పి చూచిన వానిలో లోపము లేనివి ఎన్నియో. ఇప్పుడు విప్పకయే, ఏది విప్పవలెనో నిర్ణయింపవచ్చును. వాడింగ్‌టన్ బృందపు లెక్క ఇంతకాలమునకు అక్కరకు వచ్చినది.

ఇంత జరిగినను చాలచోట్ల ఈ సందేశములను వినువారు లేకపోయిరి. నియంత్రణ గదిలోని పాత యంత్రములకు శ్రుతి వినబడును గాని పాట వినబడదు. మరమ్మతు పనివాడు చేతిపెట్టెను తీసికొనిపోయి పరికరము వద్ద తీగకు తగిలించినపుడు మాత్రమే అది నోరు విప్పును. అనగా అనుమానము వచ్చిన పిదపనే రోగిని పలుకరించుట. వినగలిగిన చోట్ల మరియొక చిక్కు. ఒక్కొక్క సంస్థ పరికరము ఒక్కొక్క విధముగా, పదుల సంఖ్యలో హెచ్చరికలు పంపుచుండెను. ఏది వెంటనే పరుగెత్తవలసినది, ఏది వచ్చే నెల చూచుకొనవచ్చును? ఈ గందరగోళమును సర్దినది జర్మనీలో 1949లో వెలసిన నమూర్ అను సంఘము. పరికరములు చేయువారిది కాక వాడువారి సంఘమగుట దీని విశేషము. 3.6 మిల్లీ ఆంపియర్లకు తక్కువ గాని, 21కి ఎక్కువ గాని పంపినచో పరికరము తన లోపమును తెలుపుచున్నట్లని అది మొదట ఒక కట్టుబాటు చేసెను. ప్రాణమున్న సున్నకు ఇది కొనసాగింపు. 2006లో పరికరముల హెచ్చరికలన్నింటిని నాలుగు గుర్తులలోనికి తెచ్చెను. ఎరుపు గుర్తు వచ్చినచో కొలత నమ్మదగినది కాదు. నారింజ రంగైనచో ఎవరో పరికరముపై పనిచేయుచున్నారు. పసుపైనచో పరికరము తన హద్దులు దాటి పనిచేయుచున్నది. నీలమైనచో కొలత ఇప్పటికి సరియే, మరమ్మతునకు ఏర్పాటు చేసికొనుడు.

ఆ పసుపు గుర్తు విలువ తెలియుటకు దానికి ముందు సంవత్సరము, అనగా 2005 మార్చి 23న, టెక్సాస్ సిటీలోని బి.పి. చమురు శుద్ధి కర్మాగారములో జరిగిన దుర్ఘటనను చూడవలెను. అచ్చట 170 అడుగుల ఎత్తుగల ఒక స్తంభమును ద్రవముతో నింపుచు మొదలుపెట్టుచుండిరి. మట్టమును కొలుచు పరికరము అడుగుభాగములోని 9 అడుగుల లోపల 5 అడుగుల మేర మాత్రమే కొలువగలదు. అది పనిచేయునది ఆర్కిమెడీసు సూత్రముపైన: ద్రవములో వ్రేలాడు బరువు ఎంత మునిగినచో అంత తేలికగా తోచును, దానిని బట్టి మట్టము. బరువు పూర్తిగా మునిగిన పిదప ద్రవము ఎంత పెరిగినను దానికి భేదము లేదు. ద్రవపు సాంద్రత మారినచో మాత్రము భేదము కలదు. స్తంభములోని ద్రవమును వేడిచేయుచుండిరి, వేడికి సాంద్రత తగ్గినది, తేలుబలము తగ్గినది. మట్టము దిగుచున్నదని పరికరము చూపినది. లోపల ద్రవము 150 అడుగులు దాటినది.

ఆ పరికరము చచ్చినది కాదు, తీగ తెగలేదు, అంకె 4కు, 20కి నడుమనే ఉన్నది. హెచ్చుమట్టమునకు హెచ్చరించు రెండవ మీట మ్రోగలేదు. కంటితో చూచి తెలిసికొనుటకు అమర్చిన గాజు గొట్టము కొన్ని సంవత్సరములుగా పనికిరాక ఉన్నది. మధ్యాహ్నము ద్రవము పైనుండి పొంగి ఆవిరియై అంటుకొనగా 15 మంది మరణించిరి, 180 మంది గాయపడిరి.

ఒక్క పరికరము తన ఆరోగ్యమును తాను పరీక్షించుకొనుట వలన ఇట్టి తప్పు దొరకక పోవచ్చును. అందుచేతనే నేటి రోగనిర్ణయ పద్ధతులలో ఒక పరికరపు సాక్ష్యమును పొరుగు పరికరముల సాక్ష్యముతో సరిచూచుట చేరినది. లోనికి గంటకు ఇంత ద్రవము వచ్చుచున్నది. బయటికి ఏమియు పోవుట లేదు. అట్లయినచో మట్టము దిగుట ఎట్లు? ఇది ప్రాథమిక పాఠశాలలోని తొట్టి లెక్క. ఆనాడు ఆ లెక్కకు కావలసిన రెండు అంకెలును నియంత్రణ గదిలోనే ఉండెను. లోనికి వచ్చు ద్రవపు అంకె ఒక తెరపైన, బయటికి పోవు ద్రవపు అంకె వేరొక తెరపైన ఉండెను.