మెక్సికో రుణ సంక్షోభం, పెట్టుబడుల పలాయనం (1982)

విదేశాల నుంచి అప్పుగా తెచ్చిన డాలర్లు వచ్చిన దారినే తిరిగి వెళ్లిపోవడానికి మెక్సికో ప్రసిద్ధ ఉదాహరణ. 1970ల చివర్లో కొత్త చమురు క్షేత్రాలను చూసి విదేశీ బ్యాంకులు ఎగబడి అప్పులిచ్చాయి. ఆ తర్వాత అమెరికాలో వడ్డీ రేట్లు పెరిగాయి, చమురు ధర జారింది.

అసలు కిటుకు మారకపు రేటులో ఉంది. 1982 మొదట్లో డాలరు సుమారు 26 పెసోలు. ఆ రేటు నిలబెట్టడానికి కేంద్ర బ్యాంకు అప్పు డాలర్లను మార్కెట్లో అమ్మింది. రేటు నిలవదని పసిగట్టిన సంపన్నులు వాటిని చవగ్గా కొని అమెరికా బ్యాంకుల్లో దాచారు, టెక్సాస్‌లో ఇళ్లు కొన్నారు. అప్పు ప్రజల నెత్తిన, ఆస్తి కొందరి పేరిట! అప్పిచ్చిన బ్యాంకులే కొన్నిసార్లు ఆ డిపాజిట్లనూ పుచ్చుకున్నాయి.

పెసోను కుక్కలా కాపాడతానన్న అధ్యక్షుడు హోసే లోపెజ్ పోర్టియోకు ఫిబ్రవరిలో దాని విలువ తగ్గించక తప్పలేదు. తర్వాత ఆయన కుటుంబ భవనాలున్న గుట్టకు జనం 'కుక్క గుట్ట' అని పేరు పెట్టారు. ఆగస్టులో దేశీయ బ్యాంకుల్లోని డాలరు ఖాతాలను మార్కెట్ రేటు కన్నా తక్కువగా, డాలరుకు సుమారు 70 పెసోల లెక్కన బలవంతంగా పెసోల్లోకి మార్చారు. అంటే డబ్బు దేశం దాటించనివారే నష్టపోయారు. అదే నెలలో అప్పు తీర్చలేమని ప్రకటించారు. సెప్టెంబరు 1న బ్యాంకులను జాతీయం చేసి, విదేశీ మారకంపై నియంత్రణలు విధించారు, అప్పటికే ఆలస్యమైపోయింది.

అప్పిచ్చిన బ్యాంకులతో కుదిరి, అప్పు భారాన్ని కొంత తగ్గించిన బ్రాడీ ఒప్పందం 1990లో గానీ అమలుకు రాలేదు.