లాగిన్ పుట్టిల్లు సముద్రం

సముద్రం మీద మైలురాళ్ళుండవు. ఓడ ఎంత వేగంతో పోతోందో తెలియకపోతే ఎక్కడున్నామో లెక్క కట్టలేం. దీనికి ఇంగ్లీషు నావికులు పట్టుకున్న ఉపాయం మోటుదే. ఒక దుంగముక్కకు తాడు కట్టి ఓడ వెనక నుంచి నీళ్ళలో పడేసేవాళ్ళు. 1574లో విలియం బోర్న్ అచ్చు వేయించిన నావిక గ్రంథంలో ఈ పద్ధతి వివరం ఉంది. దుంగకు వాళ్ళ మాట లాగ్. ఇవాళ ఏ ఆఫీసులో చూసినా వినబడే లాగిన్, లాగౌట్‌లకు మూలపురుషుడు ఆ కర్రముక్కే.

మర్చంట్ నేవీలో పనిచేసి విశాఖలో దిగబడ్డవాణ్ణి నేను. నేను చేరేనాటికి కర్రముక్క కాలం ఎప్పుడో చెల్లిపోయింది. ఓడ వెనక తాడు చివర గిర్రున తిరిగే మరా, దాని తిరుగుళ్ళు లెక్కపెట్టే డయలూ చూశాను. అయినా పాతది కూడా మా చేత చదివించారు. చదివించడమే మంచిదైంది, అందులో బుర్ర ఉంది.

పావు వృత్తం ఆకారంలో పలకను కోసి, వంపు అంచుకు సీసం దట్టిస్తే అది నీళ్ళలో నిటారుగా నిలబడి దాదాపు పడ్డచోటే ఉండిపోతుంది. ఓడ ముందుకు పోయేకొద్దీ రీలు నుంచి తాడు జారుతుంది. తాడుకు 47 అడుగుల 3 అంగుళాలకొక ముడి. ఒకడు 28 సెకన్ల ఇసుక గడియారం పట్టుకుని నిలబడతాడు. ఇసుక అయిపోయిందని వాడు కేక పెట్టగానే తాడు పట్టి ఆపేసి, ఎన్ని ముళ్ళు జారాయో చూస్తారు. ఈ వంకర అంకెలెందుకు? 6,080 అడుగుల నాటికల్ మైలులో 47 అడుగుల 3 అంగుళాలు ఎన్నో వంతో, గంటలో 28 సెకన్లు ఇంచుమించు అన్నో వంతు. అంటే లెక్కంతా తాడే చేసి పెడుతుంది. చదువు రానివాడికి ముళ్ళు ఎంచడం వస్తే చాలు. ఓడలకు పంపే తుపాను బులెటిన్లలో గాలి వేగం ఇన్ని నాట్లు అంటారే, ఆ నాట్ ఈ ముడే.

తేలిన వేగాన్నీ, ఓడ దిక్కునూ, గాలి తీరునూ సుద్దతో పలక మీద గీకి, ఆపైన పుస్తకానికెక్కించేవారు. అది లాగ్‌బుక్. రానురాను దుంగ పోయి పుస్తకమే మిగిలింది. లాగ్ చేయడమంటే రాసిపెట్టడమే అయింది. మా రోజుల్లోనూ వాచ్ (డ్యూటీ వంతు) దిగేముందు అందులో రాసి సంతకం పెట్టందే కదలనిచ్చేవారు కాదు. తప్పు పడితే చెరపకూడదు, ఒక్క గీత కొట్టి పక్కన పొడి అక్షరాలు పెట్టాలి. రేపు కోర్టుకెక్కితే సాక్ష్యం ఆ పుస్తకమే మరి.

కంప్యూటర్లోకి ఈ మాట 1960ల మొదట్లో దూరింది. అమెరికాలో ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కార్బాటో బృందం ఒకే యంత్రాన్ని పలువురు పంచుకునే ఏర్పాటు చేసి, 1961లో చేసి చూపించింది. ఎవరు ఎంతసేపు వాడారో పద్దు ఉండాలి గనక ముందు లాగిన్ అయి పేరు చెప్పాలి, పాస్‌వర్డ్ ఇవ్వాలి. వారానికి నాలుగు గంటలే కేటాయించారని అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి 1962లో అందరి పాస్‌వర్డ్‌ల జాబితా అచ్చు తీసుకున్నాడు. కాపలా పెట్టిన మరుసటేడే కన్నం! ఇక 1969 అక్టోబర్ 29 రాత్రి, లాస్ ఏంజిలిస్ నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ యంత్రానికి తీగ మీద పంపబోయిన మొదటి మాట కూడా లాగినే. ఎల్, ఓ చేరాయి. అంతే, అవతలి యంత్రం కుప్పకూలింది. గంటసేపు తంటాలు పడ్డాక గాని పూర్తి లాగిన్ కుదరలేదు.

మా అమ్మాయి గచ్చిబౌలిలో రాత్రి షిఫ్టు చేస్తుంది. వాళ్ళకు లాగిన్ అవర్స్ అని ఒక లెక్క. తక్కువ పడితే జీతంలో కోత. మనిషిని లెక్కకెక్కించడం ఓడల మీదా ఉండేది. బ్రిటిష్ ఓడల్లో నావికుడు తప్పు చేస్తే అధికారిక లాగ్‌లో రాసి జరిమానా వేసేవారు, వాణ్ణి లాగ్ చేశారనేవారు. కాకపోతే 19వ శతాబ్దపు చట్టం ఇంకో మాట కూడా అంది: రాసింది ఆ నావికుడికి చదివి వినిపించాలి, వాడు బదులేమైనా చెబితే అదీ అందులో రాయాలి. మీ వాళ్ళకు అలాంటి గడేమైనా ఉందా అని అమ్మాయిని అడిగాను. "రిమార్క్స్ కాలమ్ ఉంది నాన్నా, దాన్ని నింపేది మేనేజరే" అంది.