పూసల దండ, బొగ్గు గీతలు: నెలసరి లెక్క ఎవరిది?

వరినాట్లకు పోయే మా అమ్మని ఒక ఆసుపత్రిలో అడిగారు, చివరిసారి ఎప్పుడు బయట చేరావని. 'సెనక్కాయలు పీకిన వారం, సంత తెల్లారి' అంది అమ్మ. కాగితం మీద మాత్రం 'తేదీ తెలియదు' అని పడింది.

అమ్మ చెప్పింది తేదీ కాదా? మా ఊళ్లో ఎవర్నడిగినా ఆ రోజేదో చెప్తారు. మా ఇంటి గోడ మీద బొగ్గు గీతలుండేవి. ఒక్కో గీతకి ఒక కూలి రోజు. అక్కడక్కడా గీత కింద చుక్క. ఆ చుక్కేమిటో మేము డిగ్రీకొచ్చినాకగానీ తెలుసుకోలేదు. చదువు రాని మనిషి కూలి లెక్కా ఒంటి లెక్కా ఒకే గోడ మీద రాసుకుంది. ఆ గోడ ఆసుపత్రి కాగితానికి ఆనలేదు.

ముట్టు గురించి రాసేవాళ్లు మూడు రోజులు గడప బయట కూచున్న ఇల్లాలిని చూపిస్తారు. ఆ బాధని మేము కాదనం. కానీ వాడలో మూడు రోజులు కడగా కూచుంటే మూడు రోజుల కూలి పోయినట్టే. గుడ్డ కట్టుకుని మడిలోకి దిగాల్సిందే. తెలుగులో ముట్టు అంటే తాకడమూ, బహిష్టూ. అగ్రకుల స్త్రీ నెలకి మూడు రోజులు ముట్టరానిదైతే మా అమ్మలు ముప్పై రోజులూ ముట్టరానివాళ్లే. (మా ఇళ్లలో మైల పట్టింపు లేదని కాదు, దేవర దగ్గరికి వాళ్లనీ రానివ్వరు.)

నెలసరి లెక్క శాస్త్రంగా మారింది 1920లలో. జపాన్‌లో ఒగినో, ఆస్ట్రియాలో క్నాస్ ఎవరికి వారుగా ఒక సంగతి తేల్చారు: అండం విడుదలయ్యేది తరువాతి ముట్టుకి సుమారు రెండు వారాల ముందు. అంటే వెనక్కి లెక్కించాలి. ఒక నెల చూస్తే చాలదు, చాలా నెలల తేదీలు కావాలి. ఇరవై ఎనిమిది రోజులనేది సగటు మాత్రమే. చాలామందికి అది ముందూ వెనకా అవుతుంది.

మన దేశంలో స్త్రీ శరీరం మీద స్త్రీకి అదుపుండాలన్న మాటని చట్టసభ దాకా తెచ్చినవాళ్లలో అంబేద్కర్ పక్షం ఉంది. 1938 నవంబరులో బొంబాయి శాసనసభలో ఆయన తరఫున పి.జె. రోహమ్ సంతాన నియంత్రణ తీర్మానాన్ని వినిపించారు. సభ దాన్ని ఓడించింది. కుటుంబ నియంత్రణ చరిత్రని 1952 నుంచే మొదలుపెట్టే పుస్తకాల్లో ఈ సంగతి కనబడదు.

స్వతంత్రం వచ్చాక ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత కౌర్ గాంధేయవాది, గర్భనిరోధక సాధనాలకి వ్యతిరేకి. రోజుల లెక్క పద్ధతొక్కటే ఆమెకు సమ్మతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో 1951 చివర అమెరికా నుంచి డాక్టర్ అబ్రహాం స్టోన్ వచ్చాడు. ఢిల్లీలో ఉద్యోగులుండే లోదీ కాలనీలో, మైసూరు రాష్ట్రంలోని రామనగరంలో ప్రయోగం పెట్టారు. అక్షరం రాని ఆడవాళ్ల కోసం పూసల దండ తయారైంది. రోజుకో పూస జరపాలి. ఆకుపచ్చ పూస వస్తే భయం లేదు, ఎర్ర పూస వస్తే మొగుడికి దూరంగా ఉండాలి.

నేర్చుకుంటామన్నవాళ్లు చాలామందే. చివరిదాకా పాటించినవాళ్లు కొద్దిమంది. చీకట్లో రంగు తెలియలేదన్నారు, జరపడం మరిచామన్నారు, దండ నలుగురికీ కనబడితే సిగ్గన్నారు. పూస జరిపితే చాలు, తాయెత్తులా పనిచేస్తుందని కొందరు అనుకున్నారట. ఈ చివరి కథనే తర్వాత రాసినవాళ్లు నవ్వుతూ చెప్పుకుంటూ వచ్చారు. మాకు నవ్వు రావడంలేదు. ఎర్ర పూస ఉన్న రాత్రి 'వద్దు' అనే హక్కు ఆ ఇంట్లో ఎవరికుంది? దండ ఆమె మెడలో వేశారు, రాత్రి మాత్రం మగవాడి చేతిలోనే ఉంచారు. నెల క్రమం తప్పినవాళ్లకి, పాలిచ్చే తల్లులకి ఆ లెక్క కుదరదన్నది వేరే సంగతి. తప్పు మాత్రం 'లెక్క రాని' ఆడదాని మీద పడింది. యాభై ఏళ్లకి, 2000 తరువాత, అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం వాళ్లు మళ్లీ పూసల దండే తెచ్చారు. ఈసారి నెలసరి 26 నుంచి 32 రోజుల మధ్య ఉన్నవాళ్లకే అని ముందే హద్దు గీసుకున్నారు.

మన ప్రభుత్వాలు వెళ్లిన దారి వేరు. స్త్రీ లెక్కించాల్సిన పనే లేని పద్ధతి కత్తి. ఎమర్జెన్సీలో మగవాళ్ల మీద జరిగిన బలవంతం తరువాత ఆ భారమంతా ఆడవాళ్ల మీదికి మళ్లింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో 69.6 శాతం, తెలంగాణలో 61.9 శాతం ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే.

తరువాతి అడుగు గర్భసంచి. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. తెల్లబట్టో, నడుం నొప్పో, నెలకు రెండుసార్లు కనబడడమో చెప్పుకోడానికి పోయినవాళ్లు సంచి లేకుండా ఇంటికొచ్చారు. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరుకు కొట్టే కూలీల గతి 2019లో అందరికీ తెలిసింది: పని మానితే మేస్త్రీ జరిమానా వేస్తాడు, ముట్టే లేకపోతే పని మానక్కర్లేదు. 2023లో సుప్రీంకోర్టు అనవసర గర్భసంచి ఆపరేషన్లని ఆపే మార్గదర్శకాలని మూడు నెలల్లో అమలు చెయ్యమని రాష్ట్రాలకి చెప్పింది.

పిల్లలు చాలుననుకున్నాక సంచెందుకు అని అడిగేవాళ్లు మనలోనూ ఉన్నారు. సంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం. అండాశయాలు ఉంచినా అవి వయసుకి ముందే ఉడిగిపోవచ్చు. ముప్పై అయిదేళ్లకే ముసలితనం మోసే మనిషి మళ్లీ నాట్లకే పోవాలి.

కత్తికి ముందు లెక్క చూడాలి. మూడు నాలుగు నెలల తేదీలుంటే చాలా సంగతులు బయటపడతాయి. ఇరవై ఒక్క రోజులకి ముందే మళ్లీ మళ్లీ వస్తున్నా, వారం దాటినా ఆగకపోయినా, గర్భం లేకుండా మూడు నెలలు రాకపోయినా థైరాయిడ్ చూడమనాలి, రక్తం చూడమనాలి. వీటిలో చాలావాటికి మందుంది.

మా అమ్మ గోడకి తరువాత సున్నం కొట్టాం, పెళ్లి పనులప్పుడు. చుక్కలు పోయాయి. మా చెల్లి ఇప్పుడు సెల్‌ఫోనులో పెట్టుకుంటోంది. ఆ తేదీలు ఎక్కడో ఒక కంపెనీ దగ్గర కూడా ఉంటాయని చెప్తే, 'కాగితమ్మీద రాసుకుంటే పోలా' అంది. మొన్న ఆసుపత్రికి పోతూ ఆ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది.