దివిసీమలో ఆ క్రిస్మస్

ప్రత్యేక సంచికకు సర్వీసు అనుభవం ఒకటి రాయమని సంపాదక మిత్రులు కోరారు. రెవిన్యూ శాఖలో నేను రాసిన కాగితాలకు లెక్కలేదు. వాటిలో మరువలేనిది ఒక్క జాబితా. దాని సంగతి చెప్పేముందు కొంచెం చరిత్ర చెప్పాలి.

కృష్ణా తీరానికి ఉప్పెన కొత్త కాదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రం బందరు మీద పడి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. 1843లో అక్కడ పాఠశాల స్థాపించిన మిషనరీ రాబర్ట్ నోబుల్ ఆ మరుసటి ఏడే, 1865లో, కన్నుమూశారు. అయినా బడి ఆగలేదు, నోబుల్ కళాశాలగా ఎదిగింది. బందరు క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాణ్ణి గనుక ఈ కథ చిన్ననాడే విన్నాను. అది పాత సంగతి అనుకున్నాను.

1977 నవంబరు 19, శనివారం. కృష్ణమ్మ రెండు పాయల మధ్య, సముద్రం ఒడ్డున పల్లపు నేల దివిసీమ. ఆనాడు పెనుగాలికి తోడు సుమారు 5 మీటర్ల ఎత్తున కెరటం వచ్చి, మట్టిగోడల తాటాకు ఇళ్ళను మనుషులతో సహా ఊడ్చుకుపోయింది. తలదాచుకోను ఎత్తయిన కట్టడాలు లేవు. మొత్తం మృతులు పదివేలకు పైగానే అని అంచనా. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్ళ పేర్లు దేశమంతా తెలిశాయి. అవనిగడ్డ నాయకులు శ్రీ మండలి వెంకట కృష్ణారావుగారు జనం మధ్యనే నిలిచి సేవ చేశారు. మదర్ థెరిసా వచ్చారు. ఎన్.టి.ఆర్., ఏ.ఎన్.ఆర్. జోలె పట్టారు. రామకృష్ణ మిషన్, చర్చీల సహాయ సంస్థ కాసా ఇళ్ళ నిర్మాణానికి పూనుకున్నాయి.

నన్ను నాగాయలంక వైపు డ్యూటీకి పంపారు. నష్టపరిహారం కోసం మృతుల జాబితా రాయడం నా పని. పేరు, వయస్సు, తండ్రి లేక భర్త పేరు, వారసులు. మూడో రోజుకే ప్రార్థన చేయడం మానేశాను. నెలల పిల్లల వయస్సు రాసిన చేతులు జోడించబుద్ధి కాలేదు.

ఒకనాడు ఓ సంఘపెద్ద గుడారానికి వచ్చాడు. ఆ ఊరి మందిరం పునాదులతో సహా పోయింది. భార్యను, ఇద్దరు మనవలను పోగొట్టుకున్నవాడు. తనవాళ్ళ పేర్లు ఎప్పుడో రాయించాడు. ఈసారి పూర్తిగా తుడిచిపెట్టుకుపోయిన కుటుంబాల పేర్లు చెప్పసాగాడు. మాలలు, మాదిగలు, పల్లెకారులు, అందరివీ.

"పెద్దయ్యా, వీళ్ళకు డబ్బు తీసుకునే వారసులు లేరు గదా, రాసి లాభమేమిటి?" అన్నాను.

"డబ్బు కోసం కాదు బాబూ. చెప్పేవాడు లేకపోతే ఆళ్ళు పుట్టనట్టే అయిపోద్ది. రాయి."

వేరే కాగితం మీద రాశాను.

ఆ ఏడు క్రిస్మస్ ఆదివారం వచ్చింది, ఉప్పెన తరువాత ముప్ఫై ఆరో రోజు. మందిరం ఉన్న చోట నాలుగు వాసాలు పాతి, పైన టార్పాలిన్ కట్టారు. వెదురుకర్రకు కాగితపు నక్షత్రం వేలాడదీశారు. పాట ఎత్తినవారు రెండో చరణం దాటలేక ఏడ్చారు. అప్పుడు పెద్దయ్య నన్ను పిలిచి, "నాకు చదువు రాదు బాబూ, ఆ కాగితం నువ్వే చదువు" అన్నాడు.

చదివాను. ఒక్కో పేరుకూ జనం "ప్రభువా" అన్నారు. క్రైస్తవులు కాని పల్లెకారులు కూడా తమవాళ్ళ పేర్లు వచ్చినప్పుడు చేతులు జోడించారు. నెల తరువాత నా నోట వచ్చిన మొదటి ప్రార్థన అదే.

దేవుడు ఎందుకిలా జరగనిచ్చాడని తరువాత ఆయన్ని అడిగాను. "నాకూ తెలవదు. అడుగుతూనే ఉన్నాను. అడిగేది ఆయన్నేగా" అన్నాడు.

ఆ మాటతో నా ప్రశ్న తీరలేదు. కానీ ప్రశ్నించడం అవిశ్వాసం కాదని ఆనాడు తెలిసింది. ఆ మనిషి మర్నాడు మందిరానికి రాళ్ళు ఏరుతూ కనిపించాడు.

తరువాతి ఏళ్ళలో ప్రభుత్వమూ, స్వచ్ఛంద సంస్థలూ తీరం వెంట తుఫాను షెల్టర్లు కట్టాయి. హెచ్చరికలు, తరలింపు మెరుగుపడ్డాయి. 1990 మేలో వచ్చిన పెనుతుఫానులో మృతుల సంఖ్య వెయ్యి లోపే. అదీ చిన్న సంఖ్య కాదు. కానీ 1977ను చూసినవాళ్ళకు ఆ తేడా విలువ తెలుసు.

అసలు జాబితా ఆఫీసులో దాఖలు చేశాను. రెండో కాగితం నా బైబిల్లో ఉంది. మడతల దగ్గర చిరిగింది. ఏటా క్రిస్మస్ ఉదయం గుడికి బయలుదేరేముందు, మా మనవరాలి చేత ఆ పేర్లు చదివిస్తాను.